ఎకరం మెట్టలో ఏడాది తిండి: మా కొర్ర చేను డైరీ

2023 మే 7, ఆదివారం

ఈ వారం అకాల వాన పడింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసుకున్న వాళ్లకు ప్రాణం మీదికొచ్చింది గానీ నాకు మాత్రం కలిసొచ్చింది. నేల మెత్తబడగానే ట్రాక్టర్ పిలిచి దుక్కి దున్నించేశాను.

పొలం దొనకొండ దగ్గర, అమ్మ పేరు మీద ఉంది. రెండెకరాల నలభై సెంట్లు, ఎర్ర నేల, వాన తప్ప వేరే నీటి ఆధారం లేదు. నాన్న పోయాక నాలుగేళ్లు కౌలుకిచ్చాం. ఈ ఏడు ఒక ఎకరం మాత్రం నేను తీసుకున్నాను. మిగతాది చిన్నాన్న పత్తి వేసుకుంటానన్నాడు. నేను దర్శిలో సైన్స్ టీచర్ని. బండి మీద ముప్పావు గంట ప్రయాణం కాబట్టి ఆదివారాలు, సెలవులు పొలానివే.

అనుకున్నది ఇది. తినేది నలుగురం: అమ్మ, నేను, మా ఆయన, అబ్బాయి. రోజుకు ఒక పూట అన్నం, ఏడాది పొడుగునా కందిపప్పు ఈ ఎకరం నుంచే రావాలి. మనిషికి పూటకు 100 గ్రాముల కొర్ర బియ్యం వేసుకున్నా ఏడాదికి దాదాపు 150 కిలోలు. పొట్టు పోను అంత మిగలాలంటే 240 కిలోల దాకా కొర్రలు పండాలి. పప్పు నెలకు నాలుగు కిలోల లెక్కన 48 కిలోలు, అంటే 70 కిలోల కందులు. కాగితం మీద చూస్తే ఎకరానికి ఇదేమంత పెద్ద లెక్క కాదు. మంచి ఏడాదైతే దీనికి మూడింతలు పండించే రైతులున్నారు.

అమ్మకు చెబితే ఒకటే మాట అంది: "ఇంటి ముందుకు రేషన్ బండొచ్చి బియ్యం ఊరికే పోసిపోతుంటే, కొర్రలు ఎవరు దంచుతారే?"

అప్పుడు నవ్వేశాను.

మే 28

రోహిణి కార్తె. మధ్యాహ్నం చేలో నిలబడితే చెప్పుల్లోంచి కాళ్లు కాలాయి. అందుకే ఇంటి నీడలో కూర్చునే పని పెట్టుకున్నాను. రెండు లీటర్ల వాటర్ బాటిల్ పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టి, పక్కన స్కేలు అతికించాను. అడుగున వంకర ఉన్నంత మేర కాస్త సిమెంటు పోసి చదును చేశాను. అదే మా వానమాపకం. గట్టు మీద కర్రకు కట్టి, పొద్దున్నే చూసి రాసిపెట్టే పని ఊళ్లో ఉండే అమ్మకు అప్పజెప్పాను. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది, అంకెలు ముత్యాల్లా రాస్తుంది.

బడిలో పిల్లలకు చెప్పే లెక్క ఒకటి ఇక్కడ చెప్పాలి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. ఎకరం నాలుగు వేల చదరపు మీటర్ల పైచిలుకు. పది మిల్లీమీటర్ల వాన పడిందంటే మన ఎకరంలో నలభై వేల లీటర్లు పడ్డట్టు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! దాన్ని గట్టు దాటనిస్తామా లేదా అన్నదే అసలు సంగతి. అందుకే మొన్న దుక్కి వాలుకు అడ్డంగా దున్నించాను. ట్రాక్టరు అబ్బాయి విసుక్కున్నాడు, అలాగైతే మలుపులు ఎక్కువట.

జూన్ 18

బడులు తెరిచారు గానీ ఎండ దెబ్బకు ఒంటిపూటే నడుపుతున్నారు. నైరుతి ఈసారి కేరళ తాకడమే 8వ తేదీన. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని తగ్గించే ఎల్‌నినో గురించి టీవీలో రోజూ చెబుతున్నారు.

ఒక తప్పు చేశాను, రాసిపెట్టాలి. వానల కంటే ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లే పద్ధతి ప్రకృతి సేద్యం చేసేవాళ్లు చెబుతారు కదా, అది చూసి ఇరవై సెంట్లలో చల్లాను. విత్తనాలకు బీజామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రావణం), బూడిద, బంకమట్టి పట్టించి గుళికలు చేయాలి. నాకు ఓపిక లేక పలచగా పట్టించి వదిలేశాను. 3వ తేదీన ఓ చిన్న జల్లు పడింది, బాటిల్లో నాలుగు మిల్లీమీటర్లు. అలసంద, పెసర నమ్మి మొలిచాయి. తర్వాత పన్నెండు రోజులు ఎండ. మొలిచినవి మాడిపోయాయి, మొలవనివి చీమలు మోసుకుపోయాయి. పద్ధతిలో లోపం లేదు, నాదే బద్ధకం.

జూలై 9

మూడు రోజుల్లో 52 మిల్లీమీటర్లు. పదును వచ్చింది. గుప్పెడు మట్టి పిసికితే ముద్దవుతోంది, వదిలితే విడిపోతోంది. ఇంకొక్క వాన పడితే ఎద పెట్టొచ్చు, అంటే విత్తొచ్చు.

విత్తనం కొర్ర సూర్యనంది, నంద్యాల పరిశోధన స్థానం వాళ్ల రకం. 75 రోజుల్లోపే చేతికొస్తుంది. కంది గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన స్థానం వాళ్ల ఎల్‌ఆర్‌జీ 52. తడిబట్టలో నూరు కొర్ర గింజలు చుట్టి పెడితే 86 మొలిచాయి, చాలు.

రెండూ కలిపి వేయడంలో ఓ కిటుకుంది. కొర్ర వేర్లు పైపైనే ఉంటాయి, రెండున్నర నెలల్లో దాని పనైపోతుంది. కంది మొదటి రెండు నెలలు పైకి అసలు కనపడదు, కిందికి వేరు దించుకుంటూ ఉంటుంది. కొర్ర కోసేశాక దానికి చోటు దొరుకుతుంది. మాకు నైరుతి, ఈశాన్యం రెండు వానలూ ఇంచుమించు సమానంగా పడాలి. ఒకటి మోసం చేస్తే ఇంకొకటైనా దక్కాలని ఈ జత. మా తాతల నాటి సంగతే ఇది. యూనివర్సిటీ వాళ్లు ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది అని లెక్క కట్టి సిఫారసు చేస్తున్నారు.

జూలై 16

ఎద పెట్టాం. పునర్వసు కార్తె.

సాళ్లలో విత్తనం వేసే ఎడ్ల గొర్రు కోసం ఊరంతా తిరిగితే ఒక్కరింట్లో దొరికింది. ఆరు పళ్ల గొర్రు, దూలానికి చెద పట్టినా పళ్లు గట్టిగా ఉన్నాయి. ఒంగోలు జాతి పుట్టిన జిల్లాలో కాడెద్దులను అద్దెకు తేవడానికి పక్క ఊరు వెళ్లాల్సొచ్చింది!

కొర్ర గింజ ఇంచుమించు ఆవగింజంతే. ఎకరానికి రెండు కిలోలే కావాలి. ఉట్టిగా పోస్తే రెండు సాళ్లకే అయిపోతుందని ఒకటికి మూడు వంతులు సన్న ఇసక కలిపాం. కంది సాలుకు పోయే గొట్టం విడిగా కట్టి దాన్ని పిన్ని చూసుకుంది, మిగతా ఐదింటికి జడ్డిగంలో (గొట్టాల్లోకి విత్తనం దించే గిన్నె) పోసే పని అమ్మది.

అమ్మ విత్తనం పోసి ముప్పై ఏళ్లు దాటింది. మొదటి సాలు సగం దూరం వెళ్లేసరికి చేతికి మళ్లీ అలవాటొచ్చేసింది. ఎడమ చేత్తో ఒడి పట్టుకుని, కుడి పిడికిలి జడ్డిగం మీద బోర్లించి, చిటికెన వేలు వైపు సందులోంచి గింజ జారవిడుస్తోంది. ఎద్దులు వేగం పెంచితే పిడికిలి వదులవుతోంది, తగ్గిస్తే బిగుస్తోంది. చూపు జడ్డిగం మీద కూడా లేదు, ఎద్దుల కాళ్ల మీదే ఉంది. నేను ఫోన్లో వీడియో తీస్తూ, "ఎట్లా తెలుస్తోందమ్మా ఎంత పోయాలో?" అని అడిగితే, "మాట్లాడించకు, ఖాళీలు పడతాయి" అంది.

నేనూ ఒక సాలు పోశాను. నా సాలు మొలిచాక తెలుస్తుంది.

ఆగస్టు 6

తెలిసింది. ఒకచోట జుట్టులా గుబురు, తర్వాత రెండు బారలు బోడి.

మిగతా చేను బాగుంది. ఒకసారి గుంటక (సాళ్ల మధ్య మట్టి కదిపే పనిముట్టు) తోలించాం, సాళ్లలో కలుపు కూలీలతో తీయించాం. జూలై మొత్తం 142 మిల్లీమీటర్లు, అందులో సగానికి పైగా నాలుగు రోజుల్లో పడిందే.

ఆగస్టు 27

మఖ కార్తె. ఈ నెలలో ఇప్పటిదాకా బాటిల్లో చేరింది మొత్తం ఏడు మిల్లీమీటర్లు. అమ్మ నోట్‌బుక్‌లో వరుసగా సున్నాలు. ఒకచోట సున్నాకు బదులు "మబ్బు వేసి పోయింది" అని రాసింది.

"మఖ పుబ్బలు వరుపైతే మహాక్షామం" అని సామెత, వరుపంటే వాన లేకపోవడం. ఈ నెల మా ఒక్క ఊరికే కాదు, 1901 నుంచి లెక్కలున్నంతలో దేశం మొత్తానికి ఇంత పొడి ఆగస్టు లేదట.

మధ్యాహ్నం రెండింటికి చేనుకు వెళితే కొర్ర ఆకులన్నీ సూదుల్లా చుట్టుకుని ఉన్నాయి. పొలం మొత్తం సగం పలచబడ్డట్టు కనిపిస్తుంది, భయం వేస్తుంది. అక్కడే వేపచెట్టు కింద కూర్చుని సాయంత్రం దాకా చూశాను. ఆరున్నరకు ఒక్కో ఆకూ విప్పుకోవడం మొదలుపెట్టింది. ఎండ తగిలే వైశాల్యం తగ్గించుకుని ఉన్న నీటిని దాచుకుంటోందన్న మాట. పొద్దున్నే కూడా ఆకు విప్పుకోకపోతే అప్పుడు ఆశ వదులుకోవాలి. ఇంకా అంత దూరం రాలేదు.

చిన్నాన్న పత్తి మోకాలెత్తున ఆగిపోయింది. గట్టు మీద కలిసి, "నీ గడ్డే నయం అమ్మాయ్" అన్నాడు. ఆయన పెట్టుబడి నాకంటే ఎన్నో రెట్లు. విత్తనం, ఎరువు, రెండు మందు పిచికారీలు అయిపోయాయి. నాకు సరదా కావొచ్చు గానీ ఆయన ఏడాదంతా ఆ చేను మీదే ఉంది. అందుకే ఏమీ మాట్లాడలేదు.

చేయగలిగింది ఒక్కటే చేశాం: వాన లేకపోయినా ఇంకోసారి గుంటక. పైన మట్టి కదిలి పొడిగా పరుచుకుంటే పగుళ్లు పూడతాయి, కింద తేమ ఆవిరై పోవడం తగ్గుతుంది. "ఒక గుంటక సగం తడి" అన్నది మా నాన్న మాట.

సెప్టెంబరు 10

అమ్మ ఐదున్నరకు ఫోన్ చేసింది. "ముప్పై నాలుగు" అని చెప్పి పెట్టేసింది. వాన సంగతి అని అర్థమవడానికి నాకు క్షణం పట్టింది.

సెప్టెంబరు 24

ఎవరూ ముందే చెప్పని సంగతి ఇది: పిట్టలు.

కంకులు నక్కతోకల్లా వంగి పాలు పోసుకున్నాయి. ఊళ్లో ఎవరికీ కొర్ర లేదు. చుట్టూ పత్తి, కంది, జామాయిల్, సుబాబుల్. చుట్టుపక్కల ఉన్న పిచ్చుకలు, చిలకలు అన్నిటికీ మా ఎకరం ఒక్కటే హోటల్. గుంపు దిగితే కంకి ఊగడం కనిపిస్తుంది, తరిమితే లేచి నాలుగు సాళ్ల అవతల దిగుతుంది. చిలక అయితే ఇంకా అన్యాయం, తినేదానికంటే కొరికి పడేసేది ఎక్కువ.

మెరిసే రిబ్బన్లు కట్టాం. మొదటి రెండు రోజులు భయపడ్డాయి, మూడో రోజు దాని మీదే వాలాయి. పాత చీరలు, దిష్టిబొమ్మ, కర్రకు కట్టిన సీడీలు అన్నీ అయ్యాయి. చివరికి పనిచేసింది మనిషే. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా అమ్మ, పిన్ని వంతులేసుకుని నూనె డబ్బా వాయిస్తున్నారు. ఆదివారం నా వంతు. ఒక పూటకే గొంతు పోయింది.

"మా చిన్నప్పుడు ఇంత బాధ లేదు" అంది అమ్మ. "ఊరంతా కొర్ర, వరిగ, సజ్జే. పిట్టలు తలా కాస్త తినిపోయేవి, ఎవరికీ తెలిసేది కాదు."

దీని గురించి చాలా ఆలోచించాను. చిరుధాన్యాల ఏడాది అని ఐక్యరాజ్యసమితి 2023ని ప్రకటించింది, బడ్జెట్‌లో శ్రీఅన్న అని పేరు పెట్టారు. ఒక్కడే రైతు మొదలుపెడితే మాత్రం ఊరి పిట్టలన్నిటికీ వాడే తిండి పెట్టాలి.

అక్టోబరు 2

గాంధీ జయంతి సెలవు. కోత. కంకులు మాత్రం కొడవలితో కోయించి, గడ్డి తర్వాత కోసి చిన్నాన్న గేదెలకు ఇచ్చాం. మధ్యలో కంది నడుమెత్తున పచ్చగా నిలబడింది.

కళ్లం లేదు. ఇప్పుడు ఎవరికీ లేదు. ఊరి తారు రోడ్డు మీద పరిచి ట్రాక్టరు తిప్పించాం, అందరూ చేసేదే కదా అని. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీని ఫలితం అనుభవించాను.

తూర్పారబోసి తూకం వేస్తే 2 క్వింటాళ్ల 28 కిలోలు. పిట్టలు తిన్నది నా అంచనా ప్రకారం ఒక బస్తాకు తక్కువ ఉండదు. అయినా సరే, కావాల్సినదానికి పన్నెండు కిలోలే తక్కువ. ఆ ఆగస్టు చూశాక ఇది గెలుపే అనుకున్నాను. రెండు వారాలు ఆ సంబరంలోనే ఉన్నాను.

అక్టోబరు 22, దసరా సెలవులు

కొర్రలు పండాయి. ఇప్పుడు తినాలి కదా.

మొదట మిక్సీ. వీడియోల్లో ఎంత సులువుగా చూపిస్తారో! గుప్పెడు వేసి ఆపి ఆపి తిప్పమంటారు. తిప్పితే మూడో వంతు పొట్టుతోనే ఉంది, మూడో వంతు నూక, మిగిలింది బియ్యం. అరగంటలో పావు కిలో కూడా రాలేదు, మిక్సీ వేడెక్కి వాసనొచ్చింది.

తర్వాత మర. ఊళ్లో ఉన్నది వడ్లమర, దాంట్లో ఈ గింజ నిలవదు, పొట్టుతో పాటే ఎగిరిపోతుంది. చిరుధాన్యాలు ఆడించే మర డెబ్బై కిలోమీటర్ల అవతల ఒక టౌన్లో ఉందంటే, అరవై కిలోలు ఆటోలో వేసుకుని వెళ్లాను. అతను దోసిట్లోకి తీసుకుని, గింజల్ని ఇలా అని అలా అని, "మేడం, రోడ్డు మీద తొక్కించారా?" అన్నాడు. అరచేతిలో కొర్రలంత సైజులోనే నల్లటి తారు రాళ్లు. అవి జల్లెడలో దిగవు, చేటలో చెరిగితే పోవు. రాళ్లు ఏరే మిషన్ తన దగ్గర లేదు, రబ్బరు పాడవుతుంది కాబట్టి వేయనన్నాడు. బతిమాలితే వేశాడు. కిలోకు ఎనిమిది రూపాయలు. అరవై కిలోలకు 34 కిలోల బియ్యం వచ్చాయి, ఆటో కిరాయి కలిపి చూస్తే కొట్లో కొనుక్కోవడానికి పెద్ద తేడా లేదు. ఆ రోజు రాత్రి అన్నంలో మా అబ్బాయి పంటి కింద రాయి పడింది. "పిట్టల మేత" అని ముందే పేరు పెట్టాడు, ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది.

ఇక మిగిలింది రోలు. పెరట్లో బోర్లించిన రోలు తిప్పి కడిగాం. రోకలికి కింద పొన్ను (ఇనప కట్టు) ఊడిపోయింది, ఒంగోలు దాకా వెళ్లి వేయించుకొచ్చాను. అమ్మ కొర్రలు పోసి, పైన చిటికెడు నీళ్లు చిలకరించింది. గింజ కాస్త మెత్తబడితే పొట్టు ఊడుతుంది కానీ నూక అవదట. రోకలి ఎత్తి వేయడంలో బలం ఉండకూడదు, దాని బరువుకే అది పడాలి. నేను బలంగా వేస్తే గింజలు రోలు అంచు దాటి ఎగిరాయి. ఇరవై పోట్లకు ఒకసారి చెయ్యి పెట్టి తిరగేయడం, చేటలో చెరగడం, మళ్లీ పోయడం. రెండో దంపుకు తవుడు రాలింది. మూడో చెరుగుడుకు పసుప్పచ్చటి బియ్యం మిగిలింది. రాళ్లను కుండలో నీళ్లు పోసి గాలించింది: గిన్నె ఊపుతూ పైనుంచి బియ్యం వంచేసుకుంటే అడుగున రాయి ఆగుతుంది.

రెండు కిలోల కొర్రలకు ఇద్దరికి ముప్పావు గంట. వచ్చిన బియ్యం కిలోంపావు. ఏడాది తిండికి 150 కిలోలు కావాలంటే ఇలాంటివి నూట ఇరవై విడతలు, అంటే తొంభై గంటలు. ఇద్దరం.

మే నెలలో అమ్మ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు అమ్మకు కొత్తగా పెళ్లైంది. "మా అత్తకు భుజం నొప్పి తగ్గింది ఆ ఏడే" అంది. అంతకుముందు తెల్లవారుజామున లేచి ముగ్గురు ఆడవాళ్లు దంచితేనే పొద్దునకు సంకటి. చిరుధాన్యాలను జనం మానేశారు, రేషన్ బియ్యం వచ్చి పాడుచేసింది అని నేనూ బడిలో చెప్పిన మనిషినే. అవి మానేసింది నోరు కాదు, భుజం. ఇప్పుడైతే జనవరి నుంచి మనిషికి ఐదు కిలోలు పూర్తిగా ఉచితం. దంచమని ఎవరిని అడుగుతాం?

కొర్రన్నం మాత్రం బాగుంది. గోంగూర పచ్చడి, మజ్జిగ. నాలుగు గంటలు నానబెడితేనే మెత్తగా ఉడుకుతుంది.

నవంబరు 12

దీపావళి. కంది పూత మొదలైంది. అక్టోబరులో 9 మిల్లీమీటర్లు. ఈశాన్యం పత్తా లేదు.

మిగిలిన కొర్రలు పొట్టుతోనే బస్తాల్లో పెట్టాం. పొట్టుతో ఉన్నంత కాలం ఏళ్లు గడిచినా పురుగు పట్టదు. బియ్యం చేస్తే రెండు మూడు నెలలకే కమురు వాసన. కరువు నేలకు ఇంతకంటే మంచి గాదె ధాన్యం లేదు, తిననీయకుండా కాపాడేది కూడా ఆ పొట్టే.

డిసెంబరు 10

మిచౌంగ్ తుఫాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు 4, 5 తేదీల్లో బాటిల్ పొర్లిపోయింది. అంత నిండుతుందని నేను అనుకోలేదు, స్కేలు 120 దగ్గరే ఆగిపోతుంది. ఆగస్టు నెలంతా దాచిపెట్టుకున్న వానను రెండు రోజుల్లో కుమ్మరించింది.

బడికి సెలవిచ్చినా పొలం దారి తెగి, 9న గానీ వెళ్లలేకపోయాను. కంది పూతంతా సాళ్లలో పసుపు పరిచినట్టు రాలి ఉంది. చిన్నాన్న పత్తిలో పగిలిన కాయలు తడిసి ముద్దయ్యాయి, కొన్నిట్లో గింజ మొలకెత్తింది. మామూలు మనిషి అయితే తిడతాడు. ఆయన ఒక కాయ తెంపి నా చేతిలో పెట్టి, "సైన్స్ టీచరమ్మా, ఇదిగో, చెట్టు మీదే మొలకలు" అన్నాడు.

కందికి ఒక గుణం ఉంది, పూత రాలినా నేలలో తేమ ఉంటే మళ్లీ పూస్తుంది. అడ్డంగా దున్నిన ఎకరంలో నీళ్లు కోసుకుపోలేదు. ఆశ ఉంది.

డిసెంబరు 31

మళ్లీ పూసింది. మబ్బులకు మారుకా పురుగు కూడా వచ్చింది. పూతను, ఆకును గూడులా అల్లుకుని లోపల కూర్చుంటుంది. ఐదు కిలోల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి, వడకట్టి, వంద లీటర్లు చేసి రెండుసార్లు కొట్టించాం. గూడు కట్టకముందు కొట్టిన చోట ఆగింది. కట్టాక కొట్టిన చోట పెద్దగా లేదు, ఆ గూళ్లను చేత్తో నలిపేశాం.

2024 ఫిబ్రవరి 4

కంది కొట్టాం, ఈసారి టార్పాలిన్ మీద. 1 క్వింటా 12 కిలోలు. పప్పుకు కావాల్సింది 70, విత్తనానికి, పిన్నికి పోను ఇరవై కిలోలు అమ్మాను. కందికంప రెండు బండ్లు పొయ్యిలోకి.

పప్పు తిరగలిలో విసిరాం. కొర్ర దంచిన చేతులకు ఇది ఆటలా ఉంది.

ఫిబ్రవరి 18

లెక్క. ఎనిమిది నెలల వానలో ఎక్కువ భాగం పది, పన్నెండు రోజుల్లోనే పడింది. ఇంటికి పప్పు నిండుగా వచ్చింది. కొర్రలు సరిపోయేంత ఉన్నాయి గానీ, ఇప్పటిదాకా బియ్యంగా మారింది 71 కిలోలే: మరలో 34, రోట్లో 37. రోజూ ఒక పూట అనుకున్నది వారానికి మూడు పూటలైంది. అమ్మను దంచనివ్వడం మానేశాను, ఆమెకూ భుజం పట్టేసింది. నేనూ మా ఆయనా ఆదివారం ఒక విడత. ఆయన మొదటి రోజు రోలు అంచు పగలగొట్టాడు.

వచ్చే ఏడు చేయాల్సినవి: కళ్లానికి రెండు సెంట్లు అలికి పెట్టాలి. రోడ్డు ముఖం చూడకూడదు. ఇంటి కరెంటుతో నడిచే చిన్న పొట్టుతీసే మిషన్ ధర కనుక్కున్నాను, నా ఒక్కదానికి ఎక్కువ. పొదుపు సంఘంలో పది మంది కలిస్తే మోయగలం, కానీ పది మంది కొర్ర వేస్తేనే కదా పది మంది కలిసేది. సంఘంలో అడిగాను. "మీరు జీతగాళ్లు, మీకు చెల్లుతుంది" అంది ఒకావిడ. కాదనలేకపోయాను.

సాయంత్రం చిన్నాన్న వచ్చాడు. కాసేపు పత్తి బాకీ సంగతి, కాసేపు ఎండల సంగతి. లేచేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆ కొర్ర విత్తనం రెండు కిలోలు ఉంటే పెట్టమ్మాయ్. గట్టు పక్క ఎకరంలో వేసి చూస్తా. ఇంకేం లేదు, గేదెలకు గడ్డి అన్నా వస్తుంది" అన్నాడు.

అమ్మ లోపలి నుంచి డబ్బా తెచ్చి కొలిచింది. రెండు కిలోలు కొలిచాక ఇంకో గుప్పెడు వేసి, "ఇది పిట్టలకు" అంది.